ఆయన విలేకరి కాదు, ఇంజినీరు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో, మొదటి కంప్యూటర్ ప్రోగ్రాం రాసిందని చెప్పుకునే ఇంగ్లండ్ గణితవేత్త అడా లవ్లేస్ మీద వ్యాసం వేశారు. బొమ్మలు బాగున్నాయి, భాష కూడా పిల్లలకు అందేలా ఉంది. ఆడపిల్లలకు లెక్కలు రావనే మాట ఇంకా ఇళ్లల్లో వినబడుతూనే ఉంది కాబట్టి అలాంటి వ్యాసాలు రావాలి కూడా. అయితే అందులో ఒకచోట, ఒక గణన యంత్రం గురించి ఎవరో ఇటలీ విలేకరి ఫ్రెంచిలో రాసిన చిన్న వ్యాసాన్ని ఆమె ఇంగ్లిష్‌లోకి మార్చిందని, దానికి తన సొంత వివరణలు చేర్చిందని రాశారు. వివరణల మాట నిజం. విలేకరి అన్నది తప్పు. ఆయన సైన్యంలో ఇంజినీరు. పేరు లుయీజీ ఫెదెరికో మెనబ్రేయా. తర్వాత జనరల్ అయ్యాడు, మంత్రి అయ్యాడు, 1867 నుంచి 1869 దాకా ఇటలీకి ప్రధానమంత్రిగా ఉన్నాడు.

చిన్న తప్పే కదా అని వదిలేద్దామనుకున్నాను. మంగళవారం ఇక్కడ నల్లగొండలో గ్రంథాలయానికి వెళ్లాను. నా ఎదురు బల్ల మీద ఒక పిల్లవాడు మీ పేపరే ముందు పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. చందంపేట వైపు తండా నుంచి వచ్చి, ఇక్కడ రూము తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాడట. నీలం ఇంకుతో రాసి, ముఖ్యమైన మాటల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తున్నాడు. ‘ఇటలీ విలేకరి’ కింద రెండు గీతలు ఉన్నాయి. “బాబూ, అది తప్పు” అన్నాను. తలెత్తి చూసి, “పేపర్ల ఉంది కద సార్” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైనా చదవండి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సివిల్ ఇంజినీరింగ్ చెప్పాను. ముందు డిప్లొమా పిల్లలకు, తర్వాత ఇంజినీరింగ్ కాలేజీలో. స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో ‘లీస్ట్ వర్క్’ అని ఒక సూత్రం ఉంటుంది. దాన్ని చెప్పే రోజు ఇంటి నుంచి ముక్కాలిపీట పట్టుకెళ్లేవాణ్ని. పీట మీద ఒక రాయి పెట్టి, ఏ కాలి మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టమనేవాణ్ని. మూడు కాళ్లు కాబట్టి మామూలు సమతూకం లెక్కతో తేలిపోయేది. తర్వాత, మీ ఇంట్లో నులక మంచానికి నాలుగు కోళ్లు ఉన్నాయి కదా, దానికి చెప్పండి అనేవాణ్ని. క్లాసంతా నిశ్శబ్దం. నాలుగు కోళ్లయితే ఆ లెక్క చాలదు. మంచం మీద పడుకున్న మనిషి బరువు ఏ కోడు మీదికి ఎంత పోయిందో చెప్పాలంటే, ఆ కర్ర ఎంత వంగుతుంది, ఎంత నలుగుతుంది అన్నది కూడా చూడాలి. బరువు తనకు తానే ఒక దారి ఎంచుకుంటుంది. కట్టడం మొత్తాన్ని వంచడానికి, సాగదీయడానికి అతి తక్కువ పని ఏ పంపకంలో అవుతుందో, ఆ పంపకమే జరుగుతుంది. లీస్ట్ వర్క్ అంటే అదే. వంతెనల ఇనుప దూలాల లెక్కల్లో కూడా ఈ సూత్రాన్ని వాడారు.

పుస్తకాల్లో ఆ సూత్రం కాస్టిగ్లియానో అనే ఇటలీ ఇంజినీరు పేరుతో ఉండేది. నేనూ అలాగే చెప్పాను. దాన్ని అందరికంటే ముందు ఒక సాధారణ సూత్రంగా 1858లో పారిస్ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రకటించింది మెనబ్రేయా అని నాకు రిటైరయ్యాక గానీ తెలియలేదు. ఒకే మనిషి అటు కంప్యూటర్ చరిత్ర మొదటి పేజీలోనూ, ఇటు నేను బతుకంతా చెప్పిన పాఠంలోనూ ఉన్నాడని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నా దగ్గర చదివిన వందల మంది పిల్లలకు ఆయన పేరు చెప్పలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇక అడా సంగతి. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ అనే గణన యంత్రానికి నమూనాలు గీసుకుని, డబ్బు కోసం, వినేవాళ్ల కోసం తిరుగుతున్న రోజులవి. 1840లో ఇటలీ శాస్త్రజ్ఞుల మహాసభ ట్యూరిన్‌లో జరిగింది. జ్యోవాన్ని ప్లానా అనే ఖగోళ పండితుడు బాబేజ్‌ను పిలిచాడు. బాబేజ్ నక్షాలు వేసుకుని వెళ్లి, యంత్రం ఎలా పనిచేస్తుందో అక్కడివాళ్లకు విడమరచి చెప్పాడు. విన్నవాళ్లు ఎంతోమంది. కూర్చుని అర్థం చేసుకుని, నోట్స్ రాసుకుని, దాన్ని పద్ధతిగా ఒక వ్యాసం చేసినవాడు ముప్పై ఒక్క ఏళ్ల మెనబ్రేయా ఒక్కడే. 1842 అక్టోబరులో జెనీవా పత్రికలో అది ఫ్రెంచిలో వచ్చింది. చిల్లులు పొడిచిన అట్టముక్కలతో యంత్రానికి ఆజ్ఞలు ఎలా ఇస్తారో, అంకెలు ఎక్కడ నిలవ ఉంటాయో, లెక్క ఎక్కడ జరుగుతుందో అందులో ఉంది. బాబేజ్ కూడా అలాంటి వివరణ అప్పటికి అచ్చు వేయలేదు.

అడా దాన్నే 1843లో ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. ఆమె చేర్చిన వివరణలు మూలానికి మూడింతలు ఉన్నాయి. గణితంలో బెర్నూలీ సంఖ్యలు అనే ఒక సంఖ్యల వరసను యంత్రం చేత లెక్క కట్టించే పట్టిక ఆ వివరణల్లోనే ఉంది. ఆమె గొప్పతనం ఆమెదే, దాంట్లో ఒక్క పిసరు కూడా తీసేయమని నేను అనడం లేదు. కానీ ఆ ఇంగ్లిష్ ప్రతిలోనే శీర్షిక కింద మెనబ్రేయా పేరు, ట్యూరిన్ మిలిటరీ ఇంజినీర్ల దళంలో అధికారి అనే హోదా స్పష్టంగా అచ్చయి ఉన్నాయి. అడా మాత్రం తన పేరు పెట్టుకోలేదు. చివర మూడు పొడి అక్షరాలు పెట్టింది, అంతే. అప్పుడు ఆమె పేరు దాగింది, ఇప్పుడు ఆయన పేరు పోతోంది.

పేపరు వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఫ్రెంచి వ్యాసంలో ఒక ముద్రారాక్షసం ఉంది. ‘ఫలానా సందర్భంలో’ అని చెప్పే ‘కా’ అనే ఫ్రెంచి మాటలో ఒక్క అక్షరం మారి ‘కాస్’, అంటే త్రికోణమితిలో వచ్చే కొసైన్ అయి కూర్చుంది. అడా అంతటి మేధావి కూడా దాన్ని పట్టుకోలేక కొసైన్ అనే అనువదించింది. నూట ఎనభై ఏళ్ల తర్వాత కూడా పండితులు ఆ ఒక్క అక్షరం గురించి మాట్లాడుకుంటున్నారు. అచ్చులో తప్పు పడితే అది ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మెనబ్రేయా 1809 సెప్టెంబరు 4న సవాయ్ ప్రాంతంలోని శాంబెరీలో పుట్టాడు. అప్పుడది నెపోలియన్ ఏలుబడి. ఆయన పిల్లవాడిగా ఉండగానే నెపోలియన్ పడిపోయి, సవాయ్ తిరిగి సార్డీనియా రాజ్యంలోకి వచ్చింది. ఇటలీ ఏకీకరణకు ఫ్రాన్సు సాయం చేసినందుకు 1860లో ఆ రాజ్యమే సవాయ్‌ను ఫ్రాన్సుకు ఇచ్చేసింది. సొంతూరు ఫ్రాన్సులో పడింది, ఆయన మాత్రం ఇటలీ మనిషిగానే ఉండిపోయాడు. ఇది మా ప్రాంతం వాళ్లకు అర్థం కాని సంగతి కాదు. మా నాయన నిజాం రాజ్యంలో ఉర్దూలో చదువుకుని, హైదరాబాద్ రాష్ట్రంలో నౌకరీలో చేరి, ఆంధ్రప్రదేశ్‌లో రిటైరయ్యాడు. నేను ఆంధ్రప్రదేశ్‌లో చేరి, ఇప్పుడు తెలంగాణలో పెన్షన్ తీసుకుంటున్నాను. మా ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

మెనబ్రేయా ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో లెక్కలు, ఇంజినీరింగ్ చదివి సైన్యంలో చేరాడు. 1831లో ఆల్ప్స్ కొండల్లో బార్డ్ అనే కోట పనికి వేశారు. ఆయనకంటే ముందు అక్కడ పనిచేసిన యువ అధికారి ఉద్యోగం వదిలి వెళ్లిపోతే, ఆ ఖాళీలో ఈయన వచ్చాడు. వెళ్లిపోయినవాడు కవూర్. ఇటలీ ఏకీకరణ అనగానే చరిత్ర పుస్తకాల్లో వచ్చే ఆ కవూరే. తర్వాత మెనబ్రేయా సైనిక అకాడమీలోనూ, విశ్వవిద్యాలయంలోనూ మెకానిక్స్ పాఠాలు చెప్పాడు. 1859లో ఆస్ట్రియాతో యుద్ధంలో ఇంజినీర్ల దళానికి అధిపతి. ఆ మరుసటి సంవత్సరం, నేపుల్స్ రాజు తలదాచుకున్న గయేటా కోట ముట్టడిలో ఇంజినీరింగ్ పనులు ఆయన చేతి మీద నడిచాయి. 1861 ఫిబ్రవరిలో ఆ కోట లొంగింది, నేపుల్స్ రాజు దేశం విడిచిపోయాడు.

1862 చివర్లో పబ్లిక్ వర్క్స్ మంత్రి అయ్యాడు. ఆయన మంత్రిగా ఉన్నప్పుడే, 1863లో, పో నది నీళ్లను వెర్చెల్లి, నొవారా వరి పొలాలకు తీసుకుపోయే కవూర్ కాలువ పని మొదలైంది. ఎనభై కిలోమీటర్లకు పైగా ఉన్న కాలువను మూడేళ్లలో తవ్వారు. దాన్ని రూపొందించింది కార్లో నోయే అనే ఇంజినీరు, మెనబ్రేయా కాదు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన నాగార్జునసాగర్ ఎడమ కాలువ గుర్తుకొచ్చింది. 1967లో సాగర్ నీళ్లు వదిలినప్పుడు నేను బడిపిల్లవాణ్ని. ఆ నీళ్లతో తర్వాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఊళ్లు ఎలా మారాయో కళ్లారా చూశాను. ఇటలీలో కూడా వరి పండుతుందంటే మా ఆయకట్టు రైతులు ఇప్పటికీ నమ్మరు.

1867 అక్టోబరు చివర్లో రాజు మెనబ్రేయాను ప్రధానిని చేశాడు. అప్పటికి రాజధాని ఫ్లారెన్స్. రోము ఇంకా పోపు చేతిలో ఉంది. ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గరీబాల్డీ తన దండుతో రోము మీదికి వెళ్లి, నవంబరు 3న మెంతానా దగ్గర పోపు సైన్యం, ఫ్రెంచి సైన్యం చేతిలో ఓడిపోయాడు. గరీబాల్డీని అరెస్టు చేయించింది మెనబ్రేయా ప్రభుత్వమే. మన దగ్గర గరీబాల్డీ పేరు తెలియనివాళ్లు తక్కువ. నా చిన్నప్పుడు మా ఊరి యువజన సంఘం గోడ మీద ఆయన బొమ్మ ఉండేది. ఆ గరీబాల్డీని పట్టుకున్నవాడు మంచివాడెట్లా అవుతాడని అడిగితే, నేను ఆయన తరఫున వాదించను. ఒకటి మాత్రం చెప్పాలి. అదే మెనబ్రేయా ఫ్రాన్సుతో మాట్లాడేటప్పుడు పోపు రాజ్యాధికారాన్ని ఒప్పుకోలేదు, రోము విషయంలో ఇటలీకి హక్కు ఉందనే అన్నాడు.

నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెట్టింది పిండి పన్ను. యుద్ధాల ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. ఆయన ప్రభుత్వం 1868లో ఒక చట్టం చేసి 1869 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. గిర్నికి తెచ్చే ప్రతి గింజ మీదా పన్ను. వంద కిలోల గోధుమలకు రెండు లీరాలు. పన్ను ఎంతో తేల్చడానికి గిర్ని రాయికి ఒక లెక్కయంత్రం బిగించారు. రాయి ఎన్ని చుట్లు తిరిగితే అన్ని చుట్లనూ అది లెక్కపెడుతుంది, మన కరెంటు మీటర్ లాగా. దాన్ని చూసి గిర్నివాడు సర్కారుకు కట్టాలి, గిర్నివాడు ఆ డబ్బు పిండి పట్టించుకునేవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి.

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో నేను చిన్నప్పుడు జొన్నల సంచి భుజాన వేసుకుని గిర్నికి పోయేవాణ్ని. ఇంజిన్ చప్పుడు ఊరి చివరి దాకా వినబడేది. పట్టా ఊగుతూ తిరిగేది, గిర్ని తాత కనుబొమల మీద కూడా పిండి ఉండేది. గొట్టం కింద అరచెయ్యి పెట్టి, వచ్చే పిండిని బొటనవేలితో రుద్ది చూసి, చక్రం కొంచెం తిప్పి రాయిని బిగించేవాడు. రాయికి గంట్లు కొట్టించిన కొత్తలో సంచి పిండి ఇట్టే పడేది. నాలుగు నెలలకు రాయి నున్నబడితే అదే సంచికి చాలాసేపు పట్టేది. పిండి వేడెక్కి, పట్టుకుంటే చేతులు కాలేవి. అంటే జొన్నలు అవే, రాయి తిరిగిన చుట్లు మాత్రం వేరు. ఇప్పుడు ఆలోచించండి. చుట్లను బట్టి పన్ను వేస్తే, కొత్త రాళ్లు కొనగలిగిన పెద్ద గిర్నివాడికి తక్కువ పడుతుంది, అరిగిన రాయితో నెట్టుకొచ్చే పేద గిర్నివాడికి ఎక్కువ పడుతుంది. లెక్కయంత్రం తప్పు చెప్పలేదు. చుట్లను సరిగ్గానే లెక్కపెట్టింది. లెక్కపెట్టాల్సింది చుట్లను కాదు.

గిర్నులు మూతపడ్డాయి. ఎమీలియా ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. జనరల్ కదోర్నాను సైన్యంతో పంపారు. దేశం మొత్తం మీద 250 మందికి పైగా చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు, వేల మంది జైలు పాలయ్యారు. పన్ను అమల్లోకి వచ్చిన ఏడాది డిసెంబరులోనే మెనబ్రేయా పదవి నుంచి దిగిపోయాడు. పన్ను మాత్రం 1884 దాకా పూర్తిగా పోలేదు.

అది చదువుతుంటే మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. నిజాం కాలంలో లెవీ కింద వడ్లు, జొన్నలు కొలుచుకుపోయిన సంగతి ఆమె చాలాసార్లు చెప్పేది. పొలంలో ఎంత పండిందో చూడకుండా, కాగితం మీద ఎకరాలు చూసి ఇంత కొలవాల్సిందే అనేవారట. గుమ్మి అడుగు కనబడేదాకా కొలిపించారని చెప్పేటప్పుడు, ఇప్పుడే జరిగినట్టు ఆమె చెయ్యి కిందికి చూపించేది. కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద తూటా పేలింది 1946 జూలై 4న. కడవెండి అప్పుడు మా నల్లగొండ జిల్లాయే. ఆ రోజుల్లో జనం కోపానికి వెట్టితో పాటు లెవీ కూడా కారణం. తిండిగింజను లెక్కగట్టే చెయ్యి మా దగ్గర ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. కాబట్టి మెనబ్రేయాను పిల్లలకు మహాపురుషుడిలా చూపించమని నేను అడగను. పిండి పన్ను లేకుండా ఆయన కథ చెప్తే అది సగం కథే.

చివరగా ఒక తగాదా గురించి. 1873లో ట్యూరిన్‌లో ఆల్బెర్తో కాస్టిగ్లియానో అనే పాతికేళ్ల పేదింటి కుర్రాడు తన పరిశోధన పత్రం ఇచ్చాడు. లీస్ట్ వర్క్ సూత్రానికి మెనబ్రేయా ఇచ్చిన రుజువు సరిపోదని, అసలు రుజువు ఇదీ అని చూపించాడు. మెనబ్రేయా అప్పటికి మాజీ ప్రధాని, జనరల్. ఆ సూత్రాన్ని వదలకుండా మోసినవాడు. ప్రధానిగా ఉన్న 1868లో కూడా దాని మీద మరో వ్యాసం అచ్చయింది. ఆయనకు కోపం వచ్చింది. తగాదా రోములోని లించెయ్ అకాడమీ దాకా వెళ్లింది. క్రెమోనా అనే గణిత పండితుడు చూసి, కుర్రాడు మంచి పని చేశాడన్నాడు, సూత్రాన్ని అందరి వాడకంలోకి తెచ్చిన ఘనత మాత్రం మెనబ్రేయా నుంచి తీయలేమన్నాడు. రుజువు విషయంలో నా మనసు కుర్రాడి వైపే. కాస్టిగ్లియానో 1884లో, నలభై కూడా నిండకుండా పోయాడు. సూత్రం మీద ఆయన పేరు నిలిచిపోవడం న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ పేరు పక్కన ఇంకో పేరుకు కూడా చోటు ఉండాలి. క్లాసులో అది చెప్పడానికి అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఇవ్వలేదు.

తర్వాత మెనబ్రేయా లండన్‌లో, పారిస్‌లో రాయబారిగా పనిచేసి 1892లో విరమించుకున్నాడు. 1896 మే 24న శాంబెరీ దగ్గరే, సాన్ కసాన్‌లో కన్నుమూశాడు. పుట్టిన నేలకే తిరిగి వచ్చాడు, అయితే అప్పటికి అది వేరే దేశం.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం పిల్లల పేజీలోనే ఒక సవరణ వేయండి. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తే ఆ పిల్లవాడి లాంటివాళ్లు చూడరు. విలేకరి అన్నచోట ‘సైనిక ఇంజినీరు, తర్వాత ఇటలీ ప్రధాని లుయీజీ ఫెదెరికో మెనబ్రేయా’ అని వేయండి. చోటు ఉంటే గిర్ని రాయికి బిగించిన ఆ లెక్కయంత్రం బొమ్మ కూడా వేయండి. ఆదివారం పేపరు వచ్చాక నేను గ్రంథాలయానికి వెళ్లి అతనికి చూపిస్తానని చెప్పాను. ఎర్ర పెన్ను తీసుకుని రమ్మన్నాను.

ఇట్లు,
విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
నల్లగొండ